దాక్కునే ఆటలో మజా ఏముంది, ఆ మజా ఉన్న కామిక్‌ని టేబుల్ మీద ఎలా అమ్మాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రాత్రిపూట ఒక కోటలోకి దూరే దొంగ కథని 32 పేజీల కామిక్‌గా సొంతంగా వేస్తున్నారు. స్టెల్త్ గేమ్‌ల మీద, అంటే ఎవరి కంటా పడకుండా నక్కి ముందుకు సాగే వీడియో గేమ్‌ల మీద పిచ్చితో పుట్టిన కథ. మొదటిసారి ఒక కన్వెన్షన్‌లో, అంటే కామిక్స్, గేమ్‌ల అభిమానులు చేరే సంతలో, పుస్తకం అమ్ముకోవడానికి టేబుల్ తీసుకున్నారు. "నక్కి నక్కి తిరిగే ఆటలో మజా ఏముంది" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు, వచ్చేపోయేవాళ్ల చేత పుస్తకం ఎలా కొనిపించాలో తెలియడం లేదు, పక్కన గేమ్ హీరోల పోస్టర్లు కూడా పెట్టుకోవచ్చా అని మూడో సందేహం. నేను కొన్నేళ్లుగా సొంత కామిక్స్ వేసుకుని టేబుళ్ల దగ్గర అమ్ముతున్నాను, స్టెల్త్ గేమ్‌లు అంతకు ముందు నుంచే ఆడుతున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

మొదటి ప్రశ్న తేలితే రెండోది సగం తేలిపోతుంది, అందుకని అక్కడి నుంచే మొదలుపెడదాం.

మజా దాక్కోవడంలో లేదు. ఒక పెట్టె వెనక నక్కి కూర్చోవడం ఎవరికైనా విసుగే. ఎదుటివాడికి తెలియనిది మనకు తెలిసి ఉండడంలో ఉంది అసలు సంగతంతా. వాడు ఎటు చూస్తున్నాడు, ఎంత దూరం చూడగలడు, ఏ చప్పుడు వాడి చెవిన పడుతుంది, ఇప్పుడు వాడికి అనుమానం వచ్చిందా లేదా — ఇవన్నీ మనకి తెలుస్తూ ఉంటాయి. వాడికి మాత్రం మనం ఉన్నామనే తెలియదు. మామూలు ఫైటింగ్ గేమ్‌లో మన బలం చేతిలో ఉంటుంది, ఇక్కడ బలం అంతా సమాచారంలో ఉంటుంది. అందుకే ఈ గేమ్‌లు తీసేవాళ్ల అసలు పనితనం కాపలావాళ్లని తెలివిగా తయారుచేయడం కంటే, వాళ్ల కళ్లూ చెవులూ మనకు కనిపించేలా చేయడంలో ఉంటుంది.

1998లో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ తీసిన థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్ చూడండి. తెర అడుగున ఒక చిన్న మణి ఉంటుంది, మీరు వెలుతురులో నిలబడితే అది వెలుగుతుంది, చీకట్లోకి జరిగితే నల్లబడుతుంది. మీరు ఎంతవరకు కనిపిస్తున్నారో అదే చెబుతుంది. చలువరాయి మీద నడిస్తే అడుగులు టకటకా మోగుతాయి, తివాచీ మీద నడిస్తే అలికిడే ఉండదు. నీటి బాణం వేసి కాగడా ఆర్పేయొచ్చు, నాచు బాణం కొట్టి నేలని మెత్తగా చేసుకోవచ్చు. ఇంకో సంగతి, అందులో కాపలావాళ్లు తమలో తామే పైకి మాట్లాడుకుంటారు. ఏదో చప్పుడైందే అని ఒకడు ఆగుతాడు, కాసేపు వెతుకుతాడు, ఏమీ లేదులే అని గొణుక్కుంటూ వెనక్కి వెళ్తాడు. నిజంగా పహారా కాసేవాడు ఎవడూ అలా పైకి అనుకోడు. కానీ ఆ గొణుగుడు లేకపోతే వాడి బుర్రలో ఏముందో మనకెలా తెలుస్తుంది? ఆ రెండు ముక్కల కోసమే చీకట్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాం.

అదే ఏడాది ప్లేస్టేషన్ మీద వచ్చిన మెటల్ గేర్ సాలిడ్‌లో కాపలావాడు మిమ్మల్ని చూడగానే తల మీద ఎర్రటి ఆశ్చర్యార్థకం టక్కున లేస్తుంది. మూలన ఉన్న రాడార్‌లో ప్రతివాడి చూపూ ఒక త్రికోణంలా కనిపిస్తుంది. ఈ వరసలో మొదటి మెటల్ గేర్ 1987లో ఎమ్మెస్సెక్స్2 కంప్యూటర్ కోసం చేసింది, ఆ యంత్రం తెర మీద శత్రువుల్నీ తూటాల్నీ గుంపుగా చూపించలేకపోయింది కాబట్టే ఆ ఆట రూపొందించిన హిడియో కొజిమా పోరాటం తగ్గించి తప్పించుకోవడం మీద ఆట నడిపించాడు. ఇక 2012లో క్లే ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్ల మార్క్ ఆఫ్ ది నింజాలో అయితే చప్పుడే బొమ్మ అయిపోయింది. మీరు పరిగెత్తితే చుట్టూ ఒక వలయం విచ్చుకుంటుంది, ఆ వలయం ఎంతవరకు పోతే అంతవరకు వినబడినట్టు. వలయం అంచు కాపలావాడికి తగలకపోతే బతికిపోయారు.

ఇప్పుడు కామిక్స్ గీసేవాడిగా ఈ మూడింటినీ మళ్లీ చూడండి. తల మీద గుర్తు పెట్టి మనసులో మాట చెప్పడం, చప్పుడుని గీత గీసి చూపించడం, లోపలి మాటని పైకి రాసి పెట్టడం. ఇవన్నీ కామిక్స్ ఎప్పటినుంచో చేస్తున్న పనులే కదా! కనిపించనిదాన్ని గీసి చూపించడం మన పాత విద్య, స్టెల్త్ గేమ్‌లు దాని మీదే బతుకుతున్నాయి. అంచేత "గేమ్‌లో ఉన్న మజాని కాగితం మీదకి తేగలనా" అని మీరు రాసిన బెంగ అనవసరం.

మరి చాలామంది స్టెల్త్ అనగానే మొహం ఎందుకు చిట్లిస్తారంటే, వాళ్లు అసలు స్టెల్త్ గేమ్ ఆడి ఉండరు. ఏదో యాక్షన్ గేమ్ మధ్యలో ఒక మిషన్ తగిలి ఉంటుంది, ఎవరికంటైనా పడితే చాలు, మిషన్ ఫెయిల్, మళ్లీ మొదటి నుంచి. కాపలావాడు ఎటు తిరుగుతాడో చెప్పరు, ఎందుకు దొరికిపోయామో అర్థం కాదు, పదిసార్లు చచ్చి రిమోట్ విసిరికొడతారు. అక్కడ సమాచారమే లేదు, ఇక మజా ఎక్కడి నుంచి వస్తుంది? మంచి గేమ్‌లో దొరికిపోవడం ఒక్క క్షణంలో జరగదు. ముందు అనుమానం, తర్వాత వెతుకులాట, ఆ తర్వాతే కేకలు. ఆ మధ్యలో మీకు కొన్ని సెకన్లు దొరుకుతాయి. వేసుకున్న పథకం చెడిపోయి, ఇంకా పూర్తిగా దొరకని ఆ కొన్ని సెకన్ల టెన్షన్ కోసమే నాలాంటివాళ్లు ఈ గేమ్‌లకి అతుక్కుపోతాం. షాడో టాక్టిక్స్ అనే గేమ్‌లో ఇంకో చిన్న మర్యాద ఉంది, మీరు సేవ్ చేసి కాసేపైతే ఎంతసేపైందో తెర మీద చూపిస్తుంది, అంటే "తప్పు చేయండి, మళ్లీ ప్రయత్నించండి, ఇది ఆటలో భాగమే" అని చెప్పకనే చెప్పినట్టు. కత్తులూ రక్తం కూడా తప్పనిసరి కాదు. 2019లో వచ్చిన అన్‌టైటిల్డ్ గూస్ గేమ్‌లో మీరు ఒక బాతు, తోటమాలి కన్నుగప్పి తాళాలు ఎత్తుకుపోవడమే పని, అదీ పక్కా స్టెల్తే. మజా ఏముందని అడిగినవాళ్లకి నేనైతే ఈ బాతు సంగతే చెబుతాను, వెంటనే నవ్వేస్తారు, అర్థమైపోతుంది.

ఇక మీ పుస్తకం. చదివేవాడి చేతిలో రిమోట్ ఉండదు, కానీ గేమ్ ఇవ్వలేని రెండు సౌకర్యాలు మీకున్నాయి. ఒకటి, దొంగకి కూడా తెలియనిది చదివేవాడికి చూపించొచ్చు. రెండు, పేజీ తిప్పడం.

మొదటిదానికి నేను చెప్పేది ఒకటే, లోపలికి దూరే సన్నివేశానికి ముందు చోటు మొత్తాన్ని ఒక్కసారి చూపించండి. పేజీ పైభాగం అంతా ఒకే వెడల్పాటి గడి, హాలు పైనుంచి చూసినట్టు. నాలుగు స్తంభాలు, ఇద్దరు కాపలావాళ్లు, మధ్యలో తివాచీ, తివాచీకి అటూ ఇటూ బోడి రాయి. ఒక కాపలావాడి చేతిలో లాంతరు, దాని వెలుతురు నేల మీద పసుపుపచ్చ ముక్కలా పడాలి, మిగతాదంతా నీలి చీకటి. రెండో గడిలో ఆ పసుపు ముక్క అంచు మాత్రమే, స్తంభం దాటి మెల్లగా జరుగుతూ. మూడో గడిలో దొంగ పాదం, బొటనవేలు తివాచీ అంచు మీద, మడమ ఇంకా రాతి మీదే. నాలుగో గడి సన్నగా, నిలువుగా, దొంగ నడుముకి కట్టుకున్న తాళాల గుత్తి, అందులో ఒక తాళం మిగతావాటి నుంచి విడిపడి వేలాడుతోంది. మాట లేదు, చప్పుడు అక్షరాలు లేవు. దొంగ చూపు లాంతరు మీదే ఉంది, తాళాన్ని చూసింది చదివేవాడొక్కడే. ఇంత చేస్తే చాలు, ఎవడైనా సరే పేజీ తిప్పి తీరతాడు.

తిప్పే పేజీ ఎడమా కుడా అన్నది ముఖ్యం, చాలామంది మొదటి పుస్తకంలో దీన్ని పట్టించుకోరు. పుస్తకం తెరిస్తే ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి కంట్లో పడతాయి. ఎడమ పేజీ చివర సస్పెన్స్ పెట్టి కుడి పేజీ మొదట్లో విప్పితే ఆ గుట్టు అప్పటికే బయటపడిపోయి ఉంటుంది. మొదటి పేజీ కుడివైపు వస్తుంది కాబట్టి బేసి పేజీలన్నీ కుడివైపు, సరి పేజీలు ఎడమవైపు. తాళం వేలాడే పేజీ బేసి సంఖ్య అవ్వాలి, దొరికిపోయే పేజీ సరి సంఖ్య అవ్వాలి. గేమ్‌లో గోడ మూల దాకా వచ్చి అవతల ఏముందో తెలియక ఆగే క్షణం ఉంటుంది చూడండి, పుస్తకంలో ఆ మూల కుడి పేజీ చివరి గడి. దానికి అనుగుణంగా ఒక పేజీ కలపాల్సి వస్తే కలపండి, తీసేయాల్సి వస్తే తీసేయండి, కాకపోతే మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకం పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, తగ్గుతాయి, అది మర్చిపోవద్దు.

ప్రింటింగ్ సంగతి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు, ఎందుకంటే మీ పుస్తకం మొత్తం చీకటి. స్క్రీన్ వెలుతురు తనంతట తను చిమ్ముతుంది, కాగితం చిమ్మదు. మానిటర్ మీద చక్కగా కనిపించిన ముదురు నీలం మీద నల్లటి ఆకారం కాగితం మీద ఒకే ముద్దగా వస్తుంది. పైగా సిరా కాగితంలోకి పీల్చుకుని కాస్త వ్యాపిస్తుంది, నునుపు పూత లేని కాగితమైతే మరీను, కాబట్టి ముదురు రంగులు అనుకున్నదానికంటే ఇంకా ముదురుగా వస్తాయి. స్క్రీన్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించి చూడండి, తర్వాత రంగు తీసేసి బూడిద రంగులో చూడండి, అప్పటికీ దొంగ ఎక్కడున్నాడో తెలుస్తుంటే పర్వాలేదు. రంగుల ప్రింటింగ్‌లో వాడేవి నాలుగు సిరాలు: సియాన్ (ఆకాశ నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు. రాత్రి నీలానికి సియాన్‌తో సమానంగా మెజెంటా కలిపితే ప్రింట్‌లో ఊదా రంగు వస్తుంది, మెజెంటా బాగా తగ్గించి పెట్టుకోండి. అక్షరాలు ఒక్క నలుపు సిరాతోనే ఉండాలి, నాలుగు సిరాలూ కలిపిన నలుపుతో వేస్తే ప్లేటు ఏ కాస్త జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. నాలుగు సిరాలూ కలిపి మొత్తం ఎంత శాతం దాటకూడదో ప్రెస్ వాళ్లనే అడగండి, అది కాగితాన్ని బట్టి మారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ పుస్తకంలో అతి చీకటిగా ఉన్న పేజీ ఏదో చూసి అదే కాగితం మీద, అదే మెషీన్ మీద ఒక ప్రూఫ్, అంటే నమూనా ప్రింట్, తీయించండి. అందమైన పేజీకి కాదు, చీకటి పేజీకి.

కవరు పూర్తిగా నల్లగా వేయకండి. మడత దగ్గర తెల్లటి పగుళ్లు వస్తాయి, మ్యాట్ లామినేషన్ మీద పదిమంది చేతులు పడితే వేలిముద్రలన్నీ కనిపిస్తాయి. దానికంటే పెద్ద ఇబ్బంది, హాల్లో నాలుగడుగుల దూరం నుంచి చూస్తే నల్ల కవరు టేబుల్ మీద ఒక మరకలా ఉంటుంది. ఆ లాంతరు వెలుతురు ముక్క ఉంది కదా, అది కవరు మీద ఉండాలి, పెద్దగా, దాని అంచున ఒక్క పాదం. దూరం నుంచి చూసేవాడికి పసుపు ఆకారం కనిపిస్తుంది, దగ్గరికొస్తే పాదం కనిపిస్తుంది. టేబుల్ గుడ్డ కూడా నలుపు వద్దు.

ఇప్పుడు టేబుల్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో టేబుల్ మీద అన్నిటికంటే విలువైన వస్తువు చూడడానికి పెట్టిన కాపీ. దాన్ని మూసి పెట్టకండి, ఒక స్టాండ్ మీద ఆ తాళాల పేజీ దగ్గర తెరిచి, కంటి ఎత్తుకి దగ్గరగా పెట్టండి. మిగతా పుస్తకాలు కవరు కనిపించేలా కొన్ని నిలువుగా, వెనక ఒక చిన్న దొంతర. దొంతర మరీ ఎత్తుగా ఉంటే అమ్ముడుపోవడం లేదనిపిస్తుంది, ఒకటే మిగిలితే తీసుకోవడానికి మొహమాటపడతారు. ధర పెద్ద అంకెల్లో రాసి పెట్టండి, ధర అడగడానికి సిగ్గుపడి వెళ్లిపోయేవాళ్లు మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. చూసే కాపీ మీద "చూడండి" అని పెద్దగా రాసి అతికించండి, లేకపోతే చెయ్యి వేయొచ్చో లేదో తెలియక దూరం నుంచే తల వంచి చూసి పోతారు.

మాట విషయానికొస్తే, స్టెల్త్ అనే మాటతో మొదలుపెట్టకండి. గేమ్‌లు ఆడనివాడికి అది అర్థం కాదు, ఆడేవాళ్లలో సగం మందికి ఆ దిక్కుమాలిన మిషన్లే గుర్తొస్తాయి. ఒక్క వాక్యం చాలు, అందులో కథ ఏమిటో కాదు, చదువుతుంటే ఎలా ఉంటుందో చెప్పాలి. "ఇదొక దొంగ కథండీ, కాపలావాళ్లు ఎక్కడున్నారో మీకు కనిపిస్తుంటుంది, దొంగకి కనిపించదు." ఇంతే. చెప్పేసి పుస్తకం చేతికిచ్చి నోరు మూసుకోవాలి, ఇది అన్నిటికంటే కష్టమైన పని. వాళ్లు పేజీ చూస్తున్నప్పుడు మీరు "ఇక్కడ చూశారా, ఈ తాళం..." అని అందుకున్నారంటే మీ పేజీ చేయాల్సిన పని మీరు చెడగొట్టినట్టే. వాళ్ల చేతుల్ని గమనించండి. కవరు చూసి, మధ్యలో ఎక్కడో తెరిచి, మూసేస్తే వెళ్లిపోతారు, నవ్వి పంపించేయండి. మొదటి పేజీకి వెనక్కి వెళ్లి చదవడం మొదలుపెట్టారంటే మాత్రం కదలకుండా ఉండండి. టోక్యోలో 1975 నుంచి జరుగుతున్న కామికెట్ అనే సొంత కామిక్స్ సంతలో కొనేవాళ్లు పుస్తకం చేతిలోకి తీసుకుని మాట్లాడకుండా తిరగేసి, నచ్చితే కొంటారు, నచ్చకపోతే పెట్టేసి వెళ్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం.

గేమ్ టీషర్టో బ్యాడ్జీయో కనిపించినవాళ్లతో మాత్రం వేరే దారి. "మీరు ఎవర్నీ చంపకుండా ఆడతారా?" అని అడగండి చాలు. స్టెల్త్ ఆడేవాళ్లకి ఇది ప్రాణం లాంటి విషయం, ఒక్కరి కంటా పడకుండా, ఒక్కరినీ ముట్టుకోకుండా ఆట పూర్తిచేయడాన్ని ఘోస్ట్ అని గొప్పగా చెప్పుకుంటారు. ఇక ఆపరు. హిట్‌మ్యాన్‌లో ఏ వేషం వేసుకుని ఎక్కడ దూరారో, స్ప్లింటర్ సెల్: కేయాస్ థియరీలో వాన చప్పుడు మాటున ఎలా నడిచారో అన్నీ చెబుతారు. అక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది, అరగంట మాట్లాడి టేబుల్ మొత్తం అడ్డంగా నిలబడి, ఏమీ కొనకుండా వెళ్లేవాళ్లు కూడా వీళ్లలోనే ఎక్కువ. మాట మధ్యలో పుస్తకం చేతిలో పెట్టి "ఇది చూస్తూ ఉండండి" అని వెనకున్నవాళ్లతో మాట్లాడండి. మొరటుగా ఏమీ ఉండదు, వాళ్లకీ చూసే తీరిక దొరుకుతుంది.

పిల్లలు చేతిలోకి తీసుకుంటే, లోపల రక్తం ఉందా లేదా అన్నది పక్కన ఉన్న పెద్దవాళ్లకి ముందే చెప్పేయండి. అమ్మకం పోతే పోనివ్వండి.

ఒకే పుస్తకం ఉన్న టేబుల్ బోసిగా ఉంటుందని భయపడి కీచైన్లూ స్టిక్కర్లూ పోగేస్తారు చాలామంది. మీకు అంతకంటే మంచి వస్తువు ఉంది, కోట మ్యాపు. ఒక ఎ4 కాగితం, మడత పెట్టింది, గదులు, కిటికీలు, కాపలావాళ్లు తిరిగే దారులు చుక్కల గీతల్లో, దొంగ వెళ్లిన దారి మాత్రం వేయకుండా. పుస్తకంతో పాటు ఉచితంగా ఇవ్వండి, ఒకటి విప్పి టేబుల్ మీద పరచండి. నేను ఎక్కడ చూసినా, మ్యాపు కనబడితే మనిషి ఆగకుండా ఉండలేడు, వేలు పెట్టి దారి వెతుకుతాడు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

గేమ్ హీరోల పోస్టర్లు వద్దు. మొదటి కారణం చట్టం: చీకటి, నీడ, కాపలావాడు, తాళం పగలగొట్టడం ఇవి ఎవరి సొత్తూ కాదు, కానీ పాత్రలు, పేర్లు, లోగోలు కంపెనీల సొత్తు. కొన్ని కంపెనీలు అభిమానుల బొమ్మలకి కొన్ని షరతుల మీద ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, కన్వెన్షన్ నిబంధనలు వాటికి అదనం, మొదటిసారి వెళ్తూ ఆ తలనొప్పి ఎందుకు? రెండో కారణం నాకు ఇంకా పెద్దది. పోస్టర్ మీ పుస్తకం కంటే బాగా అమ్ముడుపోతుంది, అదే దానితో వచ్చే చిక్కు. తెలిసిన మొహం చూసి ఆగినవాడు ఆ మొహాన్నే కొనుక్కుని పోతాడు, పక్కనున్న తెలియని దొంగ వైపు కన్ను తిప్పడు. సాయంత్రానికి డబ్బులుంటాయి, పుస్తకాలూ అలాగే ఉంటాయి. పోస్టర్ కావాలంటే మీ కవరు బొమ్మనే పెద్దదిగా వేసి అమ్మండి. మాటల్లో "ఫలానా గేమ్ నచ్చితే ఇది నచ్చుతుంది" అనడానికి ఇబ్బంది లేదు, ఆ పేరు కవరు మీద మాత్రం వేయొద్దు.

ఎన్ని కాపీలు వేయాలి? నింజా తాబేళ్ల కథ చెప్పి ఉత్సాహపరిచేవాళ్లు ఉంటారు. నిజమే, టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ మొదటి సంచిక 1984లో ఈస్ట్‌మన్, లెయిర్డ్ సొంతంగా నలుపు తెలుపులో సుమారు 3000 కాపీలు వేసి ఒక చిన్న కన్వెన్షన్‌లోనే విడుదల చేశారు. కానీ అలా అప్పు చేసి వేసి మంచం కింద కట్టలు దాచుకున్నవాళ్ల పేర్లు ఎవరూ చెప్పరు కదా. కాగితం తీసుకుని లెక్క వేయండి. టేబుల్ అద్దె, ప్రయాణం, బస, ఇవన్నీ కలిపి ఒక అంకె. అమ్మే ధరలోంచి ఒక కాపీ ప్రింటింగ్ ఖర్చు తీసేస్తే మిగిలేది ఇంకో అంకె. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, టేబుల్ ఖర్చులు తిరిగి రావడానికి ఎన్ని అమ్మాలో వస్తుంది. ఆ సంఖ్య చూసి గుండె గుబేలుమంటే టేబుల్ ఇంకొకరితో పంచుకోండి, భోజనానికి లేచినప్పుడు చూసుకునే మనిషి కూడా దొరుకుతాడు. మొదటి విడత డిజిటల్ ప్రింటింగ్‌లో తక్కువ వేయండి, కాపీకి ఖర్చు ఎక్కువే పడుతుంది గానీ మిగిలిపోయిన పుస్తకం అన్నిటికంటే ఖరీదైనది. అయిపోతే పేర్లు, మెయిళ్లు రాసుకుని తర్వాత పంపండి.

చిల్లర బాధ లేకుండా రౌండ్ ఫిగర్ ధర పెట్టండి. ఫోన్ పేమెంట్‌కి కోడ్ ఉంచండి, కానీ జనం నిండాక హాల్లో సిగ్నల్ చస్తుంది, కాబట్టి నగదు చిల్లర కూడా ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఏ గంటలో ఎన్ని పోయాయో ఒక నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకోండి. మధ్యాహ్నం తెరిచి పెట్టిన పేజీ మార్చి చూడండి, చెప్పే వాక్యం మార్చి చూడండి, తేడా ఆ గీతల్లో తెలుస్తుంది.

చివరగా, మీ కథ ఈ 32 పేజీల్లో పూర్తవుతుందో లేదో మీరు రాయలేదు. పూర్తయితే కవరు మీద "పూర్తి కథ" అని కనిపించేలా వేయండి, మొదటి భాగం కొనుక్కుని రెండోదాని కోసం ఎదురుచూసి విసిగిపోయినవాళ్లు కన్వెన్షన్లలో బోలెడంతమంది, ఆ రెండు మాటలు చూసి కొనేవాళ్లు ఉంటారు. పూర్తవకపోతే, దొంగ కనీసం కోట బయటికైనా వచ్చేదాకా ఈ పుస్తకంలోనే తీసుకురండి. లోపలే ఇరికించి "తరువాయి భాగం" అని వేస్తే నాలాంటివాడు కొనడు.